ఆరో నెల దాకానే

గుట్టకింది తండా, ఎల్లారెడ్డి
నవంబరు 9

మాలతక్కకు,

క్షేమమని మొదలుపెడితే అబద్ధమవుతుంది కాబట్టి ఊరికే మొదలుపెడుతున్నాను. ఈ కాగితం యాకూబన్న కూరగాయల ఆటోలో నీ దగ్గరికి వస్తుంది. ఆయన పొద్దున్నే కామారెడ్డి మార్కెట్‌కు వస్తాడు, నువ్వు పనిచేసే ఆసుపత్రి ఆయనకు తెలుసట. మా ఆయన హరిచంద్ చెరకు నరకడానికి మహారాష్ట్ర పోయాడు. పోతూ ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ తీసుకుపోయాడు. పక్కింటివాళ్ల ఫోన్ అడుగుదామంటే, నీతో మాట్లాడానని రెండు రోజుల్లో ఆయన చెవిన పడుతుంది. నీ మీద ఆయన కోపం ఇంకా తగ్గలేదు. రెండేళ్ల కింద మొదటివాడికి కామెర్లు వచ్చినప్పుడు, మా అత్త హీరి వాతలు పెడతానంటే నువ్వే అడ్డం పడి పెద్దాసుపత్రిలో చేర్పించావు. వాడు అద్దాల పెట్టెలోంచి ప్రాణంతో బయటికి రాలేదు. "నీ అక్క నా గడప తొక్కొద్దు" అని ఆ రోజు అన్న మాట మీదే ఉన్నాడు. కాగితాల జోలికి మాత్రం ఆయన రాడు. అత్తకు చదువు రాదు.

సంగతి ఏమిటంటే, మొన్న పొయ్యి మీది గుండిగ దించుతుంటే చేయి జారి కాగిన నీళ్లు నా మీద పడ్డాయి. బొడ్డు కింది నుంచి తొడ దాకా తోలు లేచిపోయింది. నాకు ఏడో నెల నడుస్తోంది. ఎల్లారెడ్డిలో చూపిస్తే మందు పూసి, లోపల గుండె బాగానే కొట్టుకుంటోందని చెప్పి పంపారు. గుండె సంగతి చెప్పారు గానీ తోలు సంగతి ఎవరూ చెప్పలేదు. నా పొట్ట ఇంత కాలితే లోపలి పిల్లకు తగలదా? "మచ్చతోనే పుడ్తది సూడు" అని తండాలో ఆడవాళ్లు నా ఎదురుగానే అంటున్నారు.

నాకు నీ పొట్ట మీది నాలుగు వాతలే గుర్తుకొస్తున్నాయి. చిన్నప్పుడు నా ముందు కూడా గౌను విప్పి స్నానం చేసేదానివి కాదు. నా పిల్ల అట్లా బతకాలా అక్కా? నాకు నిజం రాయి.

గంగ


కామారెడ్డి
నవంబరు 12

పిచ్చి చెల్లెకు,

ముందు నీ సంగతి. బొబ్బలు చిదమకు. ఎవరో చెప్పారని పసుపు, పేస్టు, కోడిగుడ్డు సొన పూయకు. యాకూబన్న చేతికి మందు ట్యూబులు, గాజు గుడ్డ ఇస్తున్నాను. చేతులు సబ్బుతో కడుక్కుని రోజుకొకసారి కట్టు మార్చు. పన్నెండేళ్లుగా కాలిన గాయాలకు కట్లు కడుతున్నాను, నా మాట వింటే చాలు.

ఇప్పుడు లోపలి పిల్ల సంగతి. దాని చుట్టూ ఉమ్మనీరు ఉంటుంది, నీ మీద పడ్డ వేడి దాని దాకా పోదు. ఇది ఒక మాట. ఇంకో మాట చెప్తాను, విను. మా దగ్గర అరవింద్ అని కొత్త డాక్టరు వచ్చాడు. హైదరాబాదులో ఏదో సభలో చదవడానికి వ్యాసం తయారు చేస్తున్నాడు. అందులోని బొమ్మలన్నీ నా చేతే సర్దిస్తున్నాడు, సర్దుతుంటే నాకు అన్నీ విడమరిచి చెప్తాడు. ఆ వ్యాసం దేని గురించి అనుకున్నావు? కడుపులో ఉన్న పిల్లకు గాయమైతే ఎట్లా మానుతుంది, మనకైతే ఎట్లా మానుతుంది, అదే.

మన తోలు తెగినా కాలినా అక్కడి కణాలు ఒకదానికొకటి కబుర్లు పంపుకుంటాయట. ఆ కబుర్లను గ్రోత్ ఫ్యాక్టర్లు అంటారు. వాటిలో టీజీఎఫ్ బీటా అని ఒకటి, రెండు, మూడు ఉన్నాయి. ముగ్గురు అన్నదమ్ములు అనుకో. మనలో మొదటి ఇద్దరిదే పెత్తనం. గాయం ఎప్పుడు మూస్తామా అని వాళ్లకు ఒకటే తొందర. వాపు వస్తుంది, పీచంతా ఒకే దిక్కున కుప్ప పడుతుంది. అదే మచ్చ. దాని మీద వెంట్రుక మొలవదు, చెమట పట్టదు. కడుపులోని పిల్లలో ఆ ఇద్దరూ తక్కువ, మూడోవాడు ఎక్కువ. అతను నిదానస్థుడు. వాపు లేకుండా, మామూలు తోలులో ఉన్నట్టే పీచును అటూ ఇటూ అల్లుకుంటూ పోతాడు. గొర్రె కడుపులోని పిల్లకు చిన్న కోత పెట్టి, మళ్లీ కుట్టి చూశారట. పుట్టాక ఆ కోత ఎక్కడో వెతికినా దొరకలేదట. ఆ రెండు ఫొటోలూ నా కళ్లారా చూశాను.

కాబట్టి నీ బిడ్డకు ఏమీ తగలదు, తగిలినా మచ్చ మిగలదు. ఆ తండా ఆడవాళ్లకు చెప్పు, మా అక్క పెద్ద డాక్టరు పక్కన నిలబడి తెలుసుకుని రాసిందని. హీరత్తకు కూడా ఈ ముక్క చదివి వినిపించు. ఇక నిద్రపో.

నీ అక్క
మాలతి


గుట్టకింది తండా
డిసెంబరు 2

అక్కకు,

నీ కాగితం వచ్చిన రోజు కడుపు నిండా తిన్నాను. కట్టు నువ్వు చెప్పినట్టే మార్చాను. గాయం మూసుకుంది గానీ ఎర్రగా, తాడు పేనినట్టు లేచింది. వంగితే లాగుతోంది. నీ అన్నదమ్ముల్లో మొదటి ఇద్దరూ నా మీద బాగానే పని చేశారు.

అత్తకు చదివి వినిపించాను. మూడుసార్లు చదివించుకుంది. బీడీలు చుట్టడం ఆపి మరీ విన్నది. "ఆ మొదటి ఇద్దరు నీ మొగని తీరు, ఉరుకులాట తప్ప పని సక్కగుండది" అని నవ్వింది. ఆమె నవ్వడం నేను ఈ రెండేళ్లలో చూడలేదు. తర్వాత తన ముంజేతి మీది పాత మచ్చలను చాలాసేపు చూసుకుంది. పిల్లలకు వాతలు పెట్టేటప్పుడు తగిలినవే అవన్నీ. చుట్టుపక్కల నాలుగు తండాలకు ఆమే కదా పెట్టేది. మొదటివాడు పోయినప్పటి నుంచి ఎవరు పిలిచినా పోవడం లేదు. "చెయ్యి వణుకుతది" అని పంపించేస్తోంది.

ఒక మాట అడగమంది. ఆ గుణం పిల్లకు పుట్టాక ఎన్ని రోజులు ఉంటుందట? పుట్టగానే పోతుందా, నెల దాకా, ఏడాది దాకా ఉంటుందా? నాకూ తెలుసుకోవాలని ఉంది. మీ అరవింద్ డాక్టరును అడిగి రాయి.

గంగ


కామారెడ్డి
డిసెంబరు 20

గంగకు,

వార్డు నిండిపోయి ఉంది, ఊపిరాడటం లేదు. చలికి పొయ్యి దగ్గర కూర్చుని చీరలు అంటించుకుని వస్తున్నారు. అందుకే ఆలస్యం.

నీ మచ్చ మీద రోజూ కొబ్బరినూనె రాసి, వేలితో గట్టిగా ఒత్తుతూ రుద్దు. ఆరు నెలల్లో మెత్తబడుతుంది. పూర్తిగా పోదు. ఆ అన్నదమ్ముల్లో మూడోవాడిని మందుగా చేసి పెద్దవాళ్లకు సూది వేసి చూశారట, పెద్ద ఎత్తున చూసేసరికి లాభం లేదని తేలిందట. మనకు ఇంతే రాత.

స్వెట్టరు పంపుతున్నాను, నేనే అల్లాను. ఒక చెయ్యి పొడుగైంది, నవ్వకు. కాన్పు ఇంట్లో వద్దు, నొప్పులు రాగానే ఎల్లారెడ్డి పో. పుట్టగానే కబురు పంపు.

మీ అత్త పిల్లను ఎత్తుకోనీ, స్నానం పోయనీ, కానీ వాతలు అని నోరెత్తనివ్వకు. పదమూడేళ్ల వయసులో హాస్టల్లో బట్టలు మార్చుకునేటప్పుడు నా పొట్ట చూసి పిల్లలు ఏమన్నారో నీకు చెప్పలేదు, చెప్పను కూడా. నీ బిడ్డకు ఆ సిగ్గు వద్దు.

మాలతి


గుట్టకింది తండా
జనవరి 17

అక్కా,

ఆడపిల్ల. పన్నెండో తారీకు ఎల్లారెడ్డిలో పుట్టింది. ఒంటి మీద చిన్న మచ్చ కూడా లేదు. బట్ట విప్పి వెనకా ముందూ చూశాను, అత్తా చూసింది. నువ్వు రాసిందే నిజమైంది.

కానీ నిన్నటి నుంచి కళ్లు పచ్చబడ్డాయి. ఈ రోజు పొట్ట దాకా వచ్చింది. ఆశా వర్కరు ప్రణీత వచ్చి చూసి, "లైటు కింద పెట్టాలె, కామారెడ్డి తోల్క పోదాం, నేను గూడ వస్త" అంటోంది. ఆ మాట వింటేనే నాకు మొదటివాడు గుర్తొస్తున్నాడు. వాడు కూడా ఐదో రోజునే పచ్చబడ్డాడు. అదే లైటు, అదే అద్దాల పెట్టె. ఎత్తుకోనివ్వలేదు, పాలివ్వనివ్వలేదు. నాలుగో రోజు గుడ్డలో చుట్టి చేతికిచ్చారు. ఇంకోసారి అట్లాంటిది నేను చూడలేను.

ఆలోచిస్తున్నాను. ఏదో ఒకటి చేస్తాం. నువ్వు కంగారుపడకు.

గంగ


కామారెడ్డి
జనవరి 20

గంగా,

నీ కాగితం ఈ రోజే చేతికొచ్చింది. యాకూబన్న బంధువుల పెళ్లికి పోయి మూడు రోజులు ఆటో తీయలేదట. జేబులోనే ఉండిపోయిందని ఆయన తల పట్టుకున్నాడు.

ఒక్క గంట కూడా ఆలోచించకు. ప్రణీత నంబరు నా దగ్గర లేదు, నువ్వే ఆమెను పట్టుకుని 108 పిలిపించు. మొదటివాడు లైటు వల్ల పోలేదు. నెలలు నిండకుండా పుట్టాడు, మనం ఆలస్యంగా తెచ్చాం, అప్పటికే ఒళ్లంతా విషం పాకింది. నీకు అప్పుడే ఇదంతా విడమరిచి చెప్పాల్సింది. హరిచంద్ అరుపుల్లో చెప్పలేకపోయాను.

నేనే రావాలి. కానీ వార్డులో ముగ్గురం చేయాల్సిన పని నేనొక్కదాన్నే చేస్తున్నాను, ఎల్లుండి దాకా వదలమన్నారు. ఈలోగా నువ్వే వచ్చేస్తావు కదా. వాతలు మాత్రం వద్దు. ఆ మచ్చలు జన్మంతా పోవు.

మాలతి


గుట్టకింది తండా
జనవరి 22

అక్కా,

నీ కాగితం నిన్న అందింది. పాప బాగానే ఉంది. పసుపు కొంచెం తగ్గినట్టే ఉంది. పొట్ట మీద మూడు చిన్న పుండ్లు అయ్యాయి, చీము పట్టినట్టుంది. నిన్నటి నుంచి పాలు తక్కువ తాగుతోంది, ఏడుపు కూడా సన్నగా వస్తోంది. ఏ మందు పూయాలో ట్యూబు పంపు. పసితోలే కదా, మానిపోతుంది.

గంగ


కామారెడ్డి
జనవరి 22

గంగా,

యాకూబన్నను గేటు దగ్గరే నిలబెట్టి రాస్తున్నాను. ఏం పుండ్లవి? ఎవరు పెట్టారు? కూరగాయల బుట్టలు దించేసి ఆయన ఉన్నపళంగా తిరిగి వస్తున్నాడు. పాపను ఒంటికి ఆనించుకుని అదే ఆటోలో కూర్చో. దారిలో తాడ్వాయిలో, లింగంపేటలో ఎక్కడా ఆగొద్దు. నేను వాకిట్లో ఉంటాను.

మాలతి


కామారెడ్డి
ఫిబ్రవరి 9

గంగకు,

పాప పోయి రెండు వారాలైంది. నువ్వు ఇక్కడి నుంచి వెళ్లేటప్పుడు నాతో ఒక్క మాట మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేకపోయాను. అందుకే రాస్తున్నాను.

మూడు రోజులు ఆ మూడు పుండ్లకు నేనే కట్టు కట్టాను. పెద్దవాళ్ల గాయాలు ఎన్నో చూశాను. నా అరచేయంత కూడా లేని పొట్ట మీద కట్టు ఎట్లా నిలబెట్టాలో నాకు చేతకాలేదు. విషం అప్పటికే రక్తంలోకి పోయిందని అరవింద్ డాక్టరు మొదటి రోజే చెప్పాడు. నీకు చెప్పొద్దని నేనే అన్నాను.

హీరిని వదలను. ఆసుపత్రిలో అందరి ముందు చేయెత్తి "నేనే వెట్టిన" అన్నది కదా, కంట నీటిచుక్క లేదు. నలభై ఏళ్లుగా ఎంతమంది పిల్లలను కాల్చిందో. పోలీసులు అడిగితే నేనే ముందు నిలబడి చెప్పాను, ఈమె వద్దన్నా వినకుండా వాతలు పెట్టే మనిషి, నాకూ ఒకప్పుడు ఇట్లాంటి మనిషే పెట్టిందని. సంతకం కూడా చేశాను. ముసలిదని జాలిపడకు. రెండు ప్రాణాలు పోయాయి నీకు.

నీ ఒంట్లో ఎట్లా ఉంది? పాలు ఆగాయా?

మాలతి


గుట్టకింది తండా
ఫిబ్రవరి 15

అక్కకు,

పాలు ఆగలేదు. అత్త రోజూ పొద్దున పాత చీర చింపి నా రొమ్ములకు గట్టిగా బిగించి కడుతోంది. సాయంత్రానికి తడిసిపోతుంది. విప్పి మళ్లీ కడుతుంది. అందుకే ఆమె గురించి నువ్వు రాసినదానికి జవాబు రాయాల్సి వస్తోంది.

వాతలు పెట్టమన్నది నేను.

పదిహేడో తారీకు యాకూబన్నకు కాగితం ఇచ్చి వచ్చాక అత్తను అడిగాను. "నేను ముట్ట" అన్నది. "ప్రణీతమ్మ చెప్పినట్టు దవాఖానకు పోదాం" అని చెప్పులు కూడా వేసుకుంది. నేనే గుమ్మంలో అడ్డం కూర్చున్నాను. వాడికి వాతలు పెట్టలేదు, వాడు పోయాడు. పెట్టిన పిల్లలు తండా నిండా తిరుగుతున్నారు, నువ్వూ బతికే ఉన్నావు. నా బుర్రకు అంతకంటే ఏమీ తట్టలేదు. నువ్వు వాతలు వద్దని చెప్పిన ప్రతిసారీ మచ్చల గురించే చెప్పావు అక్కా. ప్రాణం పోతుందని ఒక్కసారి కూడా చెప్పలేదు. మచ్చ పడదని నువ్వే రాశాక ఇంక నాకు అడ్డం ఏముంది?

అత్త "మచ్చలు వడ్తయి, ఆడివిల్ల" అన్నది. పెట్టెలోంచి నీ నవంబరు కాగితం తీసి మళ్లీ చదివాను. పుట్టాక ఎన్నాళ్లు ఉంటుందని నేనడిగితే నువ్వు జవాబు రాయలేదు. ఎల్లకాలం ఉండదేమో గానీ ఐదు రోజుల పిల్లకు ఎందుకు ఉండదు అనుకున్నాను. నెల దాకా మచ్చ పడదట అని చెప్పాను. ఆ నెల అన్న మాట నేను కలిపిందే. అత్త చాలాసేపు నా ముఖం చూసి, పసుపు కొమ్ము తెమ్మంది. దాని కొస నిప్పుల్లో ఎర్రగా కాల్చింది. పిల్ల కాళ్లు నేనే పట్టుకున్నాను.

ఆసుపత్రిలో డాక్టరు అడగ్గానే నేను నోరు తెరిచేలోపు ఆమె చేయెత్తింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అడిగాను, ఎందుకట్లా చెప్పావని. "నువ్వు చదివింది కాగితంల ఉన్నదో, నీ మనసుల ఉన్నదో నాకెందుకు బిడ్డా. తల్లివి. పిల్ల బతుకాలని చదివినవ్" అన్నది. ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది.

ఇరవై ఆరున మమ్మల్ని మళ్లీ ఠాణాకు రమ్మన్నారు. ఒట్టు తప్పుతాను. ఉన్నది ఉన్నట్టు చెప్పి, నీ కాగితం చూపిస్తాను. పుట్టాక ఎన్నాళ్లో ఇప్పుడైనా రాయి.

గంగ


కామారెడ్డి
ఫిబ్రవరి 17

గంగా, నా బంగారు చెల్లె,

నీ ఉత్తరం బాత్రూంలో తలుపు వేసుకుని చదివాను.

ఆరో నెల దాకానే. కడుపులో ఉన్నప్పుడే, అదీ ఆరో నెల దాకానే. ఆ తర్వాత కడుపులో ఉన్న పిల్లకు కూడా మచ్చ పడుతుంది. అరవింద్ డాక్టరు మొదటి రోజే చెప్పాడు, ఆ వ్యాసంలో మొదటి పేజీలోనే ఉంది. నీకు అప్పుడు ఏడో నెల. రాస్తే వేళ్ల మీద లెక్క చూసుకుని ఏడుస్తావని ఆ ఒక్క వాక్యం వదిలేశాను. పిల్ల దాకా వేడి పోలేదని నాకు తెలుసు కదా, ఈ మాట ఉన్నా లేకపోయినా ఒకటే అనుకున్నాను. డిసెంబరులో నువ్వు సూటిగా అడిగావు. చెప్తే ముందు రాసింది నీకోసం అల్లినదని తేలిపోతుంది. పని ఎక్కువగా ఉందని నాకు నేనే చెప్పుకున్నాను. నువ్వు నన్ను గొప్పదాన్ని అనుకోవడం నాకు బాగుండింది, గంగా. అంతకు మించి ఏమీ లేదు.

ఇప్పుడు నిన్ను కాళ్లు పట్టుకుని అడుగుతున్నాను. ఆ కాగితం కాల్చెయ్. ఠాణాలో చూపించకు. అందులో ఆసుపత్రి ఉంది, డాక్టరు పేరుంది, నా పేరుంది. నర్సుగా ఉండి ఇట్లాంటివి రాసిందని తెలిస్తే నన్ను ఒక్క పూట ఉంచరు. ఈ పని తప్ప నాకేముంది? పెళ్లా, పిల్లలా? హీరి పండు ముసలిది. మందలించి వదిలేస్తారని ఇక్కడ అందరూ అంటున్నారు. ఆమె తనంతట తానే మీద వేసుకుంది కదా, ఆమె మాట కాదనకు. నువ్వు నోరు విప్పితే నీ మీదా కేసు పడుతుంది. హరిచంద్ నిన్ను ఉండనిస్తాడా?

పోయినవాళ్లు పోయారు. మిగిలిన మనిద్దరినైనా మిగలనివ్వు. చదవగానే ఇది కూడా పొయ్యిలో వెయ్యి.

మాలతి


గుట్టకింది తండా, ఎల్లారెడ్డి
ఫిబ్రవరి 27

మాలతక్కకు,

ఏదీ కాల్చలేదు. రెండు కాగితాలూ ఇచ్చాను, నవంబరుదీ మొన్నటిదీ.

నిన్న ఠాణాలో మా ఇద్దరినీ బెంచీ మీద కూర్చోబెట్టారు. అత్త నన్ను మోచేత్తో పొడుస్తూనే ఉంది, మాట్లాడొద్దని. నేను లేచి నిలబడి చెప్పాను. గుమ్మంలో అడ్డం కూర్చున్నది, కాళ్లు పట్టుకున్నది, నెల అన్న మాట కలిపినది, అన్నీ. మేం చెప్పింది రాసుకునే పోలీసామె పేరు నవత. మన ఈడుదే ఉంటుంది. రాస్తూ రాస్తూ ఆపి, "ఏదమ్మా ఆ లెటర్?" అన్నది. ఇస్తే పైకే చదివింది. ఉమ్మనీరు, అన్నదమ్ములు, గొర్రెపిల్ల, చివరికి "హీరత్తకు కూడా ఈ ముక్క చదివి వినిపించు" అన్నదాకా.

తన పేరు వినగానే అత్త తల ఎత్తింది. "ఇంకోసారి సదువు బిడ్డా" అన్నది. నవత మళ్లీ చదివింది. అత్త నా దిక్కు తిరిగింది. "గట్లనే రాసి ఉన్నదా? మచ్చ మిగలదని కాగితంలనే ఉన్నదా? నువ్వు అబద్ధం సదవలేదా?" అని అడిగింది. లేదు, నెల అన్న మాట ఒక్కటే నాది అన్నాను. వాతలు పెట్టిన రోజు నేను ఏదో కాగితం పట్టుకుని నా నోటికొచ్చింది చదివాననే ఇన్నాళ్లూ అనుకుంది అక్కా. అట్లా అనుకునే పసుపు కొమ్ము కాల్చింది, అట్లా అనుకునే చేయెత్తింది, అట్లా అనుకునే నా రొమ్ములకు కట్టు కట్టింది.

అప్పుడు ఏడ్చింది. పాప పోయిన రోజు ఏడవని మనిషి ఆ బెంచీ మీద, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నవత మంచినీళ్లు తెచ్చి పెట్టింది, తాగలేదు. కాసేపటికి, "మీ అక్క సదువుకున్నది గదా. ఎందుకట్ల రాసింది?" అని అడిగింది. నీ మొన్నటి కాగితం అప్పటికింకా నా చేతిలోనే ఉంది, అందులో నువ్వు రాసిన కారణం ఉంది. అది ఆమెకు చదివి వినిపించడానికి నా నోరు రాలేదు. గొప్పదాన్ని అనుకోవాలని రాసిందట అని ఆ ముసలిదానితో ఎట్లా చెప్పను?

నా పేరు కూడా కేసులో రాశారు. మా ఆయనకు ఎవరో ఫోన్ చేసి చెప్పారు. వచ్చేలోపు ఇల్లు ఖాళీ చెయ్యమని కబురు పంపాడు. అత్త ఆ కబురు తెచ్చినవాడి ముందే నా బట్టల పక్కన తన బట్టలు కూడా మూట కట్టింది. ఎక్కడికి పోతామో తెలియదు. ప్రణీత ఎల్లారెడ్డిలో గది చూస్తానంది.

మార్చి ఐదో తారీకు నిన్ను ఠాణాకు పిలుస్తారు. నీ ఉద్యోగం ఉంటుందో పోతుందో నాకు తెలియదు, అడగలేదు. ఆ రోజు అత్త నీతో మాట్లాడటానికి వస్తానంటోంది. కోపంతో కాదు. ఆ ప్రశ్న నన్ను అడిగినట్టే నిన్నూ అడుగుతుందట. నేను పక్కన నిలబడతాను, మధ్యలో మాట్లాడను.

ఈ కాగితానికి జవాబు రాయకు. నువ్వు రాసింది చదివి నమ్మడం ఇంక నా వల్ల కాదు. ఏం చెప్పాలనుకున్నా వచ్చి ఆమె ముఖం చూసి చెప్పు.

గంగ